పుట్టికి పూసిన పూత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలు మంచునకు గాని సముద్రతరంగమునకు గాని నోచుకొన్నవి కావు. ఇచ్చట వేసవిలో బండలు సెగలు గ్రక్కును, వానకాలమున మూసీయు పాలేరును కృష్ణయు పొంగును. ఆ రెంటి నడుమ మంచుపలకపై జారుటకును, అలపై పలక మోపి నిలుచుటకును తావు లేదు. అట్లయ్యును, మంచుమీదను నీటిమీదను ఆడుకొను పలకలకు (స్కీలకు, సర్ఫుబోర్డులకు) మైనము పూయవలెనా, పూయవలసినచో ఏల పూయవలెను అని నేడు దేశాంతరముల వినవచ్చు ప్రశ్నకు ఈ సీమ పూర్వచరిత్రలో చక్కని సమాధానము కలదు. ఏలయనగా, నీటిని దాటుటకును, నీటిని తోడుటకును, బరువును నేలపై నడిపించుటకును ఇచ్చటి జనులు తరతరములుగా వాడిన సాధనములు మూడు: పుట్టి, మోట, బండి. ఈ మూడును పూత లేనిదే నడవనివి. మూడింటి పూతల ప్రయోజనములు మాత్రము వేరు.

హైదరాబాదు నగరము నడుమనుండి తూర్పునకు సాగు మూసీ, సూర్యాపేట ప్రాంతమును ఒరసికొని దక్షిణమునకు మరలి, మిర్యాలగూడకు దిగువనున్న వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఆ సంగమమున అగస్త్యేశ్వరుని కోవెలయు, లక్ష్మీనరసింహుని కోవెలయు కలవు. ప్రవాహమువెంట ఇంకను దిగువకు పోయినచో మట్టపల్లి నరసింహక్షేత్రము కాననగును. ఆవలి యొడ్డు పల్నాటి సీమ. పల్నాడు 1801లో కుంఫిణీవారి వశమైనది మొదలు 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము కూలువరకు ఈ నీటిచాలే రెండు ప్రభుత్వములకు ఎల్ల. ఇవతల హైదరాబాదు సంస్థానము, ఆవల మదరాసు రాజధాని. దొరతనములు వేరైనను భాష ఒకటే, దేవుడొకడే, వియ్యములును ఒకరితో నొకరికే. కావున తిరునాళ్లకు పోవు యాత్రికులును, సంతకు పోవు బేరగాండ్రును, చుట్టపుచూపుగా పోవు ఆడపడుచులును ఈ రేవులలో నది దాటక తప్పినది కాదు. వంతెనలు లేని ఆ దినములలో బెస్తవాని తెడ్డే రెండు రాజ్యములను కలిపినదని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఆ బెస్తవాని వాహనము పుట్టి. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, నడుమ నుండి అంచులవరకు గుండ్రముగా అల్లి, అంచును మందముగా చుట్టి బిగించి, వెలుపలి వైపున తోలు తొడిగి కుట్టినచో పుట్టి సిద్ధమగును. దీనికి ముందును లేదు, వెనుకయు లేదు. తెడ్డు వేయువాడు నేర్పరి కానిచో ఉన్నచోటనే గిరగిర తిరుగును. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆ నగరమువద్ద నదిని దాటించు గుండ్రని నావలను చూచి, లోపల పేము, వెలుపల తోలు గల ఆ నావలు పదునైదిరువదిమందిని మోయుననియు, అవసరమైనచో గుఱ్ఱములను ఎద్దులను సైతము దాటించుననియు, అవి తిన్నగా పోవక తిరుగుచునే పోవుననియు వ్రాసిపెట్టెను. తరువాతి శతాబ్దమున గోలకొండ రాజ్యమున వజ్రముల బేరమునకు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కూడ ఎద్దుతోలు కప్పిన గంపనావలను వర్ణించినాడు. ఆతడు చూడబోయిన కొల్లూరు వజ్రపుగని కృష్ణకు దక్షిణపుటొడ్డున, మన సీమకు ఎదురుగానే యుండెడిది; నేడది పులిచింతల జలాశయముపాలైనది. 1803లో మరాఠాలపై దండెత్తిన ఆంగ్లసేనాని ఆర్థర్ వెల్లెస్లీ, సైనికులచే అల్లించి ఎద్దుతోళ్లు కప్పించిన బుట్టనావలతోనే గోదావరిని దాటెను. రాజులును, వర్తకులును, సేనానులును నమ్మి కాలుమోపిన ఈ వాహనమునకు బలమిచ్చినది వెదురే యైనను, ప్రాణము నిలిపినది తోలు.

తోలునకు నీటితో చెలిమి మంచిది కాదు. పచ్చితోలు నీటిలో నానినకొలది మెత్తనై సాగును, బరువెక్కును, నాలుగు దినములు అట్లే విడిచినచో కుళ్లి కంపుకొట్టును. ఎండలో మితిమీరి ఎండినచో పెళుసై, మడతలవద్ద పగులును. నానుటయు ఎండుటయు రెండును ముప్పే కనుక, పుట్టిని నడుపువారు ఒక దరినుండి మరియొక దరికి పోయి వచ్చిన పిదప దానిని నీటనుంచక, ఒడ్డున బోర్లించి ఆరబెట్టెడివారు. తోలును వాడుటకు ముందు పదునుచేసి నూనె పట్టించెడివారు. ఈ పదునుచేయు పని ఊరి వెలుపలనుండు లందలో జరిగెడిది. చచ్చిన పశువు తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలను గీకి, పిదప తంగేడు చెక్కయు కరక్కాయయు ఊరిన నీటిలో దినములకొలది ముంచి తీసి, తిరిగి ముంచి, రంగు తిరిగి ముదురువరకు కాచుకొని యుండవలెను. నేడు తెలంగాణము తన రాష్ట్రపుష్పముగా గౌరవించుకొను తంగేడు, ఆ కాలమున బతుకమ్మ తలపై పూవుగా ఎంత ప్రసిద్ధమో, లందలో చెక్కగా అంత ప్రసిద్ధము. దక్షిణదేశపు తోళ్లు విదేశముల పేరొందుటకు ఈ చెక్కయే ముఖ్యకారణము.

ఇచ్చట చరిత్రకారుడు ఒక నిమిషము ఆగవలసి యున్నది. దేవుని దర్శనమునకు నది దాటు యాత్రికుడు కూర్చున్నది తోలుపైన; వరిమడికి పారిన నీరు వచ్చినది తోలుమోట గుండ; దేశముఖు కాలికి తొడిగిన చెప్పు తోలుదే. ఆ తోలును కంపుసహించి పదునుచేసి ఇచ్చిన మాదిగవాడు మాత్రము ఆ దేవుని గుడి మెట్టెక్కరాదు, ఆ మోటబావి నీరు ముట్టరాదు. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి క్రింద ఆతడు భూస్వామికి చెప్పులును, మోటలును, ఎడ్లపగ్గములును కూలి లేకయే అందించవలసి వచ్చెడిది. 1940ల దశకమున సూర్యాపేట, హుజూర్‌నగరు ప్రాంతములలో సంఘము పేరిట లేచిన ప్రజోద్యమము మొట్టమొదట చేపట్టిన పనులలో ఈ వెట్టిని మాన్పుట యొకటి. కనుక పూతను గూర్చిన చరిత్ర కేవలము నూనెల చరిత్ర కాదు. ఆ నూనె పూసిన చేతుల చరిత్ర కూడ.

పుట్టికి ప్రక్కనే, బరువుల కొరకు, కొయ్యపడవలును బల్లకట్టులును నడచెడివి. రెండు పడవలపై బల్లలు పరచి కట్టిన బల్లకట్టు బండ్లను, పశువులను, ధాన్యపు బస్తాలను ఒక్కసారిగా దాటించును. మట్టపల్లికిని ఆవలి తంగెడకును నడుమ, దిగువన ముక్త్యాలకును మాదిపాడునకును నడుమ ఇట్టివి ఇటీవలి కాలమువరకు నడచినవి. కొయ్యపడవకు పూత మరియొక రీతిది. కొయ్య తోలువలె కుళ్లుటకు తొందరపడదు గాని, బల్లకును బల్లకును నడుమ సందు విడిచిపెట్టును. నీరు ఆ సందునుండియే వచ్చును. కావున సందులలో నారయో దూదియో దట్టించి, పైన గుగ్గిలమును నూనెలో కాచి, వేడివేడిగా పూసెడివారు. గుగ్గిలము కొండచెట్ల బంక. రాయలసీమ కొండలలోను తూర్పుకనుమలలోను ఆ చెట్లు కలవు. నూనె లేనిచో గుగ్గిలము పెళుసై రాలును, గుగ్గిలము లేనిచో నూనె నీటిలో తేలిపోవును; రెండును కలిసి కాగినపుడే పూత పట్టును.

మోట సంగతి వేరు. బావిలో మునిగి, నిండి, ఎడ్లు లాగగా పైకి వచ్చి, తొండము గుండ నీరు కాలువలో గ్రుమ్మరించి, తిరిగి మునుగు ఈ తోలుసంచి తెల్లవారుజామునుండి పొద్దెక్కువరకు వందలమార్లు తడియును, వందలమార్లు మడతపడును. దీనికి నీరు తగులకుండ కాపాడవలెనను చింత లేదు. నీరు మోయుటకే అది పుట్టినది. పగులకుండ కాపాడవలెననునదే చింత. అందుకై రైతు మోటను, తొండమును విప్పి, ఆముదమునో కానుగనూనెనో చేతితో రుద్ది, తోలు త్రాగినంత త్రాగించి, మిగిలినదానిని తుడిచివేసెడివాడు. తుడుచుటలో నొక మర్మము కలదు. తోలులోనికి ఇంకిన నూనెయే పనిచేయును. పైన నిలిచిన నూనె దుమ్మును పట్టి తోలును కొరికివేయును. ఈ మర్మమును మనస్సున నుంచుకొనవలెను. ఇదే ముచ్చట వేల మైళ్ల దూరమున మంచుపలకల విషయమున మరల వినవచ్చును.

బండికి కావలసినది నీటినుండి రక్షణయు కాదు, మెత్తదనమును కాదు; ఒరపిడి తగ్గుట. ఆముదములో వరిగడ్డి కాల్చిన మసిని కలిపి చేసిన నల్లని కందెనను వెదురుగొట్టములో పోసి బండికి వ్రేలాడదీయుట నిన్నమొన్నటి తరమువారు చూచినదే. చక్రము ఊడదీసి ఇరుసునకు కందెన పూసి తిరిగి తొడిగిన బండి చప్పుడు లేక సాగును. పూయని బండి ఊరంతటికి తన రాకను చాటుచు ఎడ్లను చంపును. ఈ ఆముదమునకు మన సీమ కొదువపడలేదు. హైదరాబాదు సంస్థానము ఆముదపు పంటకు దేశమందు ప్రఖ్యాతి గాంచినది. అందులోను నల్లగొండ జిల్లా, అనగా నాటి సూర్యాపేట మిర్యాలగూడ తాలూకాలు చేరియున్న జిల్లా, మెట్టచేలలో ఆముదము విరివిగా పండించినది. మొదటి ప్రపంచయుద్ధమున విమానముల రోటరీ యంత్రములు ఆముదముతోనే నడచినవనియు, అందుకై భారతదేశపు ఆముదమునకు గిరాకి హెచ్చెననియు తెలిసినపుడు, బండి ఇరుసునకును ఆకాశయానమునకును నూనె యొక్కటే యగుట వింత గొలుపును.

ఇట్లు ఒకే ఆముదము మోటకు మెత్తదనమిచ్చినది, ఇరుసునకు జారుడునిచ్చినది. పూయబడిన ద్రవ్యము మారలేదు. పూసిన తావును, కోరిన ఫలమును మారినవి. ఈ సూత్రమును వెంటబెట్టుకొని ఇపుడు మంచుదేశములకు పోవుదము.

స్కాండినేవియా ప్రజలు మంచుమీద కొయ్యపలకలు కట్టుకొని నడచుట మిక్కిలి ప్రాచీనము. స్వీడను దేశపు ఉప్సాలా విద్యాలయాచార్యుడు యొహానెస్ షెఫెర్ 1673లో ప్రకటించిన లాప్లాండు వర్ణనమున, ఆ పలకల అడుగున దేవదారు తారును, బంకను పూయు ఆచారము పేర్కొనబడినది. మొదట ఆ పూత కొయ్యను తడినుండి కాపాడుటకే యై యుండును. పడవకు గుగ్గిలము పూసిన బుద్ధియే అది. పూసిన పలక నానకుండుటయే కాక వేగముగా జారుట గమనించినవారు, కాలక్రమమున కాపుదలకు పూసినదానిని వేగమునకు పూయసాగిరి. 19వ శతాబ్దపు నడుమ కాలిఫోర్నియా కొండలలో బంగారము త్రవ్వినవారు పొడవైన పలకలతో పందెములు పెట్టుకొని, తిమింగిలపు కొవ్వుమైనము, దేవదారు కీలు, కర్పూరము మొదలగువానిని కలిపి కాచి, ఆ పాళ్లను పరులకు తెలియనీయక దాచుకొనిరి. 1913 ప్రాంతమున నార్వేజియనుడు పీటర్ ఓస్ట్‌బీ తడిమంచునకు పనికివచ్చు జిగురుపూతను కనిపెట్టి పేటెంటు పొందెను.

అడుగున పూసిన మైనము ఏల జారించును? కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బౌడెన్, హ్యూస్ అనువారు 1939లో ప్రకటించిన పరిశోధనలలో, పలక ఒరపిడివలన పుట్టు వేడిమిచే మంచు పైపొర కరగి సన్నని నీటిపొర యేర్పడుననియు, ఆ పొరయే పలకను జారించుననియు నిరూపించిరి. ఆ నీరు చాలనిచో మంచుస్ఫటికముల మొనలు పలకను గీరును. ఎక్కువైనచో ఆ నీరే పలకను పట్టి వెనుకకు లాగును. మైనము నీటిని దరిచేరనీయదు కావున ఈ పట్టు సడలును. చలి తీవ్రమైనపుడు మొనలు దిగబడకుండుటకు గట్టి మైనము, మంచు తడిసినపుడు మెత్తని మైనము వాడుట అందుకే. నేటి పలకల అడుగుభాగము సూక్ష్మరంధ్రములు గల పాలిథిలీనుతో చేయబడుచున్నది. మైనమును వేడి ఇస్త్రీతో కరగించి అందులోనికి ఇంకించి, చల్లారిన పిదప పైనున్నదానినంతయు గీకివేయుదురు. ఇంకినదే పనిచేయును, పైనిలిచినది అడ్డగును. మోటను తుడిచిన మన రైతు ఈ గీకుడును చూచినచో కారణమడుగనవసరము లేకయే గ్రహించియుండెడివాడు. సమతలమున నడచు పలకలకైతే పాదము క్రిందిభాగమున పట్టునిచ్చు మైనమును, ముందువెనుకల జారునట్టి మైనమును పూయుదురు. ఒకే పలకపై రెండు విరుద్ధప్రయోజనములు.

సముద్రపు అలలమీది పలకకు ఈ వ్యవహారమంతయు తలక్రిందులగును. హవాయి ద్వీపవాసులు తమ కొయ్యపలకలకు కుకుయి గింజల నూనె పట్టించి, ఆడుట ముగిసిన పిదప ఆరబెట్టి, నారబట్టలో చుట్టి ఇంట వ్రేలాడగట్టెడివారు. పుట్టిని బోర్లించి ఆరబెట్టిన బెస్తవాని జాగ్రత్తకు ఇది సోదరి. మైనము వచ్చినది చాల ఆలస్యముగా. 1935లో కాలిఫోర్నియా యువకుడు ఆల్ఫ్రెడ్ గాలంట్, ఇంటి నేలకు పూయు మైనము కాలికి పట్టునిచ్చుట గమనించి పలకపై పూసి చూచెనని చెప్పుదురు. ఆ పూత అడుగున కాదు, పైన; జారుటకు కాదు, జారకుండుటకు. చిన్నచిన్న గడ్డలుగా నిలుచునట్లు రుద్దిన మైనము తడిపాదమును పట్టియుంచును. మన బంగాళాఖాతమువలె వెచ్చని నీటికి కరగని గట్టి మైనమును, చల్లని నీటికి మెత్తనిదానిని ఎన్నుకొందురు. ఉత్తరాంధ్ర తీరపు జాలరి మాత్రము దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పపై మైనము లేకయే అలలను దాటినాడు. కొయ్య గరుకును, త్రాటి ముడియు వాని కాలికి చాలినవి. వేట ముగిసిన పిదప తెప్పను విప్పి దుంగలను ఇసుకపై ఆరవేయుట వాని పూతకు బదులు.

ఇక పలక అడుగున, నీటివైపున, మైనము పూసినచో వేగము హెచ్చునా? హెచ్చదు. మంచుమీద పలక క్రింద నున్నది సన్నని నీటిపొర. నదిలో నున్నది నది. పలకను ఆనుకొన్న నీరు, పూసినను పూయకున్నను, దానితోబాటే కదలును. అచ్చట మేలుచేయునది నునుపుదనమే. కనుక పడవపందెగాండ్రు అడుగును సన్నని గరుకుకాగితముతో రుద్ది నునుపు చేయుదురే గాని మైనము జోలికి పోరు. పుట్టి అడుగున పూసిన పూత వేగమునకు అని మన బెస్తవాడెన్నడును అనుకొనలేదు. తిరుగుడుబండికి వేగము లెక్కయే లేదు.

ఈ పూతలన్నియు మన సీమలో ఒక్క తరముకాలముననే మాయమైనవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ చేలను తడిపి, మెట్టను మాగాణిగా మార్చి, మిర్యాలగూడను బియ్యపుమిల్లుల పట్టణముగా నిలిపెను. దానితో మోట మూలబడెను, ఆముదపుచేను వరిమడి యాయెను. కాలువ పారని చోట విద్యుత్తుమోటారు మోటను త్రోసివేసెను. రబ్బరు టైరు కందెనగొట్టమును, ప్లాస్టిక్ పట్ట తోలును వెడలగొట్టినవి. నేడు కృష్ణలో చేపలుపట్టు పుట్టి వెదురుదే యైనను దాని వెలుపల గోనెయో ప్లాస్టిక్ పట్టయో చుట్టి, కాచిన తారు పూయుదురు. ఆ పుట్టికి మారుగా ఫైబరు పుట్టులును వచ్చినవి. పాత పూత పోయినందుకు దుఃఖించుట వ్యర్థము. లందలో మనుష్యుని కుళ్లబెట్టిన వ్యవస్థ పోయినందుకు సంతోషించుటయే న్యాయము. కొత్త పూతలును నిర్దోషములు కావు. మంచుపలకలకు అత్యంతవేగము నిచ్చిన ఫ్లోరిన్ మైనములు నీటిలోను నేలలోను చెడక నిలిచి హాని చేయుచుండుటచే, అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 పోటీలనుండి వానిని నిషేధించెను.

కోదాడ, సూర్యాపేటల నుండి ఉద్యోగార్థము అమెరికాకు పోయిన మన యువకులనేకులు నేడు శీతకాలమున కొండలకు పోయి మంచుపలకలెక్కుచున్నారు. పూయవలెనా అని వారడిగినచో చెప్పదగిన మాట స్పష్టము. మంచుపై జారువాడు అడుగున పూయవలెను, ఇంకించి గీకవలెను. అలపై నిలుచువాడు పైన పూయవలెను. పైభాగము ముందే గరుకుగా నుండినచో పూయనక్కరలేదు. నిశ్చలజలమున తేలు పలకకు అడుగున ఏమియు వలదు. కొయ్యకును తోలునకును మాత్రము పూత వినోదము కాదు, ఆయుస్సు. ద్రవ్యమును ముందుగా ఎన్నుకొని పనిని తరువాత ఆలోచించువాడు ధనమును వృథాచేసికొనును.

మరియొక మాటయు చెప్పవలసి యున్నది. ఓస్ట్‌బీ పూతకు పేటెంటు కలదు, గాలంట్ ప్రయోగమునకు సంవత్సరము కలదు, కాలిఫోర్నియా పందెగాండ్ర పాళ్లు పుస్తకములకెక్కినవి. కృష్ణాతీరమున తోలు ఎంత ఊరవలెనో, గుగ్గిలమునకు నూనె ఎంత కలుపవలెనో, మోటకు ఆముదమెంత పట్టునో లెక్క తెలిసినవారి పేరొక్కటియు మన చరిత్రగ్రంథములలో లేదు. రాజుల శాసనములను వెదకి చదివిన శ్రద్ధలో నాలుగవ వంతు ఈ పనివారి నోటిమాటలకు చూపినను, మోట కుట్టినవారు బ్రతికియుండగనే, చరిత్రకారుల ఋణము కొంత తీరును.